జలాల్ భాయ్ తొడిగిన కోటు

సుచిత్ర చౌరస్తా దగ్గర నాకొక కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. దానికి బోర్డు కూడా ఉంది. జూన్ వచ్చిందంటే మాత్రం ఆ బోర్డు ఎవరికీ కనిపించదు. కరెంటు స్తంభానికీ, మా మెట్ల పక్కనున్న ఇనుప పైపుకూ తాళ్ళు కట్టి, మేడ్చల్ దారిలోని ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీ తన ఫ్లెక్సీ వేలాడదీస్తుంది. నవ్వుతున్న పిల్లల ముఖాలు, ముఖాల కింద లక్షల్లో జీతాలు. చూపు సరిగా ఆననివాళ్ళే నా దగ్గరికి రావాలి. వాళ్ళకు నా బోర్డు కనిపించకుండా చేస్తే నేనెవరికి అద్దాలు అమ్ముకోవాలో ఆ కాలేజీలవాళ్ళే చెప్పాలి.

ఈ విషయంలో నేను మొదట పోట్లాడింది పక్క దుకాణం జలాల్‌తో. ఆ ఫ్లెక్సీలు అచ్చు వేసేది అతనే.

"నేను ప్రింట్ జేసి ఇస్త అన్నా. యాడ గట్టాల్నో వాళ్ళిష్టం," అన్నాడు. అని, టీ తెప్పించాడు. జలాల్‌తో పోట్లాట ఎప్పుడూ టీ దగ్గరే ఆగిపోతుంది. కోపంతో వచ్చినవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

జలాల్‌ది శామీర్‌పేట. తండ్రి కూరగాయలు పండించేవాడు. అన్నలు ఇప్పటికీ అదే పని చేస్తున్నారు. జలాల్ పదో తరగతి దాటలేదు కానీ చెయ్యి చక్కగా తిరిగేది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏ అక్షరమైనా ముందు గీతలు గీసుకోకుండా నేరుగా గోడ మీద రాసేవాడు. అతనికి జోడు గుండ్లపోచంపల్లి ఏలియా. ఏలియా గోడకు సున్నం కొట్టి తెల్లగా చేసి ఇస్తే, జలాల్ దాని మీద కుంచె ఆడించేవాడు. ఒకప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా సిమెంటు, విత్తనాలు, ఎరువుల ప్రకటనలన్నీ వీళ్ళిద్దరి చేతిమీదుగా వచ్చినవే. ఏలియావాళ్ళ చర్చి గోడ మీది వాక్యం కూడా జలాల్ రాసిందే. దానికి కూలి తీసుకోలేదని ఏలియా ఇప్పటికీ కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు.

ఫ్లెక్సీలు వచ్చాక గోడల మీద రాయించేవాళ్ళు లేకుండా పోయారు. బోర్డులు రాసేవాళ్ళు చాలామంది ఫ్లెక్సీలను తిట్టుకుంటూ కూర్చున్నారు. జలాల్ కూర్చోలేదు. భార్య సుమేరా ధైర్యం చెబితే ప్రింటింగ్ మిషను కొని, ఇక్కడ దుకాణం పెట్టాడు. ఏలియాకు కంప్యూటరంటే భయం. అతను గోదాముల షెడ్లకు రంగులు వేసే పనిలోకి వెళ్ళిపోయాడు. పనులు వేరైనా స్నేహం చెడలేదు.

జలాల్ కంప్యూటర్‌లో ఒక కోటు ఉంటుంది. అతని బతుకులో అదే ముఖ్యమైన వస్తువు కనుక కొంచెం వివరంగా చెప్పాలి. ఉద్యోగాలు వచ్చిన పిల్లల ఫొటోలు కాలేజీవాళ్ళు పంపిస్తారు. ఒకడు టీ షర్టులో ఉంటాడు. ఒకమ్మాయి ఏదో పెళ్ళిలో దిగిన ఫొటో పంపిస్తుంది. ఇంకొకడి భుజం మీద పక్కవాడి చెయ్యి ఉంటుంది. జలాల్ ఆ ముఖాలను మెడ దాకా కత్తిరించి నల్లటి కోటులో అమరుస్తాడు. మగపిల్లలకు టైతో సహా ఒక కోటు, ఆడపిల్లలకు ఒకటి. ఆ కోట్లు అసలు ఎవరివో అతనికీ తెలియదు, ఎక్కడో ఇంటర్నెట్‌లో దొరికాయి. ఈ దారిలోని కాలేజీల పిల్లలందరూ ఇన్నేళ్ళుగా వాటినే వేసుకుంటున్నారు. మెడకూ కాలరుకూ మధ్య అతుకు కనిపించకుండా చెయ్యడంలో జలాల్‌ను మించినవాడు ఈ రోడ్డు మీద లేడు. ఆ అతుకుల కోసం తెరలోకి తొంగిచూసీ తొంగిచూసీ అతనికి అద్దాలు వచ్చాయి. ఇచ్చింది నేనే.

ముఖాలు కత్తిరించగా కత్తిరించగా అతనికి చదువుల మీద ఒక గట్టి అభిప్రాయం కూడా ఏర్పడింది.

"ఇన్నేండ్ల సంది కట్ జేస్తున్న అన్నా. ఒక్క సివిల్ పిల్ల రాలే. ఒక్క మెకానికల్ పోరడు రాలే. అందరు కంప్యూటరే," అనేవాడు.

తన కళ్ళతో చూసిందే చెబుతున్నాడు కనుక అబద్ధం అనడానికి లేదు. కాకపోతే ఉద్యోగం రాని పిల్లల ఫొటోలు అతని దగ్గరికి రావు. కంప్యూటర్ చదివి ఖాళీగా కూర్చున్నవాళ్ళకు ఎవరూ కోటు వేయించరు. ఫ్లెక్సీ అచ్చు వేసేవాడు ఫ్లెక్సీని నమ్మడని మనం అనుకుంటాం. నేను చూసినంతలో అందరికంటే ముందు నమ్మేది అతనే. పొద్దస్తమానం అతని కళ్ళ ముందు ఉండేది అదే కదా.

జలాల్‌కు ఒక్కతే కూతురు, సాలేహా. ఏలియా కూతురు షైనిదీ అదే వయసు. సెలవుల్లో ఏలియా రంగులు వేసే గోదాముల దగ్గర, ఇసుక కుప్పల మీద ఇద్దరూ ఆడుకునేవాళ్ళు. ఒకసారి సాలేహా ఖాళీ గోదాము మధ్యలో నిలబడి, ఒక్క స్తంభం కూడా లేకుండా ఇంత పెద్ద కప్పు ఎట్లా నిలబడిందని ఏలియాను అడిగిందట. "దేవుని దయ బిడ్డా," అన్నాడట ఏలియా. ఆ జవాబు ఆ పిల్లకు చాలలేదు. ఇంటర్ అయ్యేసరికి సివిల్ ఇంజినీరింగ్ చదువుతానని ఇంట్లో చెప్పేదాకా వచ్చింది.

కరోనా ఏడాది ఇద్దరూ ఎంసెట్ రాశారు. ఇంచుమించు ఒకే ర్యాంకు వచ్చింది. గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. సర్కారు యూనివర్సిటీ కాలేజీలో కంప్యూటర్ సీట్లను మంచి ర్యాంకుల పిల్లలు ముందే ఎత్తుకుపోతారు. అక్కడ వీళ్ళకు మిగిలేది సివిల్. కంప్యూటరే కావాలంటే మేడ్చల్ దారిలోని ప్రైవేటు కాలేజీకి పోవాలి. పేరున్న కాలేజీలో ఎవరూ అడగని బ్రాంచా, మామూలు కాలేజీలో అందరూ ఎగబడే బ్రాంచా? ఆ ఏడాది మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఇదే గొడవ.

వెబ్ ఆప్షన్లు జలాల్ దుకాణంలోనే పెట్టారు. ఏ కాలేజీలో ఏ బ్రాంచి ముందు కావాలో వరుసగా పేర్చాలి. ర్యాంకును బట్టి పైనుంచి చూసుకుంటూ వచ్చి, మొదట దొరికిన సీటు ఇస్తారు. సాలేహా సర్కారు కాలేజీ సివిల్‌ను అన్నిటికంటే పైన పెట్టింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇంట్లో వాళ్ళు దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు, నా ముందు మర్యాదకు తెలుగులోకి వస్తారు.

"బేటా, గది కిందికి వోనియ్యి. కంప్యూటర్ పైకి దే," అన్నాడు జలాల్.

"నాకు సివిల్ ఇష్టం అబ్బా," అంది సాలేహా తండ్రితో.

"నాకు గూడ బోర్డులు రాసుడు ఇష్టముండె. ఆ ఇష్టం గోడల మీదనే ఉండిపాయె. నీ ముఖం నా ఫ్లెక్సీ మీద జూడాలె. గంతే నా కోరిక."

సాలేహా మౌసు పట్టుకుని తన చేత్తోనే సివిల్‌ను కిందికి లాగింది. తండ్రి బలవంతం చేశాడని రేపు ఎవరూ అనకుండా, తనే చేసినట్టు నాకు తోచింది. సీటు ప్రైవేటు కాలేజీలో వచ్చింది.

ఏలియా ఇంత దూరం ఆలోచించలేదు. "సర్కారు కాలేజంటే సర్కారు కాలేజే. ఫీజు గూడ తక్కువ," అన్నాడు. షైని సివిల్‌లో చేరింది.

సాలేహా కాలేజీలో కంప్యూటర్ బ్రాంచివాళ్ళు ఒక సంతంత మంది. అందులో ఈమె పైవరుసలోనే ఉండేది. ఇష్టం లేని చదువైనా శ్రద్ధగా చదివింది, తండ్రి పోలిక. చివరి ఏడాదికి వచ్చేసరికి కంపెనీలు చేతులు ముడుచుకోవడం మొదలైంది. అయినా ఆమెకు ఒక పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఏడాదికి ఏడు లక్షలు. చదువు పూర్తయ్యాక ఉద్యోగంలో చేరే తేదీ మెయిల్‌లో పంపిస్తామన్నారు.

ఆ జూన్‌లో కాలేజీ ఫ్లెక్సీ ఆర్డరు వచ్చినప్పుడు జలాల్ ఒక పొద్దంతా ఆ ఒక్క ముఖం మీదే కూర్చున్నాడు. కూతురి నెత్తి మీది స్కార్ఫును అట్లాగే ఉంచి, దాని అంచు కింద కోటు కాలరు అమర్చాడు. నేను అద్దాలు తుడుచుకుని మరీ చూశాను, అతుకు కనిపించలేదు. ఫ్లెక్సీ యథాప్రకారం నా బోర్డు మీదికే వచ్చింది. శామీర్‌పేట నుంచి అన్నలు, వదినెలు ఆటోలో వచ్చి చూసి వెళ్ళారు. సుమేరా మా వీధి దుకాణాలన్నిటికీ ఖుబానీ కా మీఠా పంచింది. నేనూ ఆ ఒక్క ఏడాది బోర్డు గురించి నోరెత్తలేదు.

తర్వాత మెయిల్ రాలేదు. కొంచెం ఆలస్యమవుతుందని ఒకసారి, ఓపిక పట్టినందుకు ధన్యవాదాలని ఇంకోసారి కంపెనీవాళ్ళు రాశారు. ఆ తర్వాత అదీ మానేశారు. వానలు వెళ్ళిపోయాయి, చలికాలం వచ్చింది. సాలేహా వేరే కంపెనీలకు పంపిన దరఖాస్తులకు జవాబులు లేవు. ఆమె రోజూ పొద్దున తండ్రితో పాటు వచ్చి దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

"బిడ్డ ఆఫీసుకు పోతలేదా భాయ్?" అని చాయ్‌వాడు అడిగాడు.

"వర్క్ ఫ్రం హోమ్," అన్నాడు జలాల్, కళ్ళు ఎత్తకుండా.

ఆ మాట వీధంతా తిరిగింది. ఆమె తెర మీద పెళ్ళి ఫ్లెక్సీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు తయారుచేస్తూ ఉంటే, ఏడు లక్షల పని చేసుకుంటోందని అందరూ అడుగు చప్పుడు కాకుండా నడిచేవాళ్ళు. నాకు మాత్రం సంగతి తెలుసు. గోడ ఒకటే, ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. సాలేహా రోజురోజుకూ మాట తగ్గించింది. ఎవరైనా ఏ కంపెనీ అని అడిగితే పేరు చెప్పి ముఖం తెరవైపు తిప్పుకునేది. ఆ పిల్లను చూస్తే నాకు కష్టంగా ఉండేది.

ఈలోపు షైని గుండ్లపోచంపల్లిలో గోదాములు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజినీరుగా చేరింది. నెత్తి మీద పసుపు హెల్మెట్టు, కాళ్ళకు బరువు బూట్లు, ముఖం ఎండకు మాడిపోయింది. జీతం ఫ్లెక్సీ మీది అంకెలో సగం కూడా లేదు. కాకపోతే నెల తిరిగేసరికి అది బ్యాంకులో పడుతుంది.

సాలేహా అసలు సంగతి తెలిసిన స్నేహితురాలు షైని ఒక్కతే. పోయిన జూన్‌లో ఒక సాయంత్రం ఆమె స్కూటీ మీద వచ్చి జలాల్ ముందు నిలబడింది.

"చిచ్చా, మా ఆఫీసుల ఒక మనిషి కావాలె. డ్రాయింగులు జూసి, ఇనుమెంత, సిమెంటెంత అని కంప్యూటర్ల లెక్క గట్టాలె. ఏ బ్రాంచైన నడుస్తది, పని నేను నేర్పిస్త. సోమారం లోపల రావాలె, లేకపోతే ఇంకొకల్లను దీస్కుంటరు."

"సాలేహాకు నౌకరి ఉంది గద," అన్నాడు జలాల్.

షైని సాలేహా వైపు చూసింది. సాలేహా నేల చూసింది. షైని పెద్దవాళ్ళతో వాదించే పిల్ల కాదు, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గోడవతల వాళ్ళ దక్కనీ మాటలు నాకు స్పష్టంగానే వినిపించాయి, తెలుగులో చెబుతున్నాను.

"నేను పోత అబ్బా. గదే నేను చదవాలనుకున్న పని."

"పోయి? శామీర్‌పేటల మీ పెద్దబ్బా వాళ్ళు ఏమంటరు? సాఫ్టువేరని ఊరంత జెప్పిన. ఇగ ఇప్పుడు లారీల నడుమ, దుమ్ముల నిలవడతవా? అందరు నా ముఖం మీద నవ్వుతరు."

"ఇప్పుడు ఎవ్వరు నవ్వుతలేరు. అందుకే నేను యాడికి పోలేకున్న," అంది సాలేహా.

జలాల్ మిషను ఆన్ చేసిన చప్పుడు వినిపించింది.

శనివారం పొద్దున సాలేహా చదివిన కాలేజీ నుంచి సందీప్ వచ్చాడు. ఇళ్ళకు తిరిగి పిల్లలను చేర్పించడం, ఫ్లెక్సీలు వేయించడం అతని పని. చెడ్డవాడేమీ కాదు. ఆ కాలేజీలోనే మెకానికల్ చదివాడు. అతని ముఖం ఏ ఫ్లెక్సీ మీదా రాలేదు. ఈ ఏడాది ఉద్యోగాలు తక్కువ వచ్చాయి కనుక పోయినేటి ముఖాలనూ కలిపి వెయ్యమన్నాడు. పై వరుసలో సాలేహా ఉంది.

"సార్, నా ఫొటో తీసెయ్యండి," అంది సాలేహా. "నాకు జాయినింగ్ రాలేదు."

"ఆఫర్ లెటర్ అయితే వచ్చింది గదమ్మా. మేం ఆఫర్ అనే రాస్తున్నం, జాయినింగ్ అని రాస్తలేం," అన్నాడు సందీప్ మెల్లగా. తర్వాత జలాల్ వైపు తిరిగి, "భాయ్, రేపటికి కావాలె. ఈసారి ఆర్డరు పెద్దది," అన్నాడు.

మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. నాకు ఒళ్ళు మండేది ఇట్లాంటి మాటలకే. జలాల్ సరేనని తల ఊపాడు. సాలేహా ఫైలు తెరిచి, తన ముఖాన్ని తనే పై వరుసలో సరిగ్గా జరిపి, లేచి వెనక్కి వెళ్ళింది. అచ్చయి ఉన్న ఇంకో ఫ్లెక్సీ అంచులకు, తాళ్ళు దూర్చే రింగులు కొట్టే పని మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటాక ఏలియా వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, చర్చికి వేసుకునేది. నేనూ అప్పుడు టీకని అక్కడికే చేరాను. ఏలియా తెర మీద ముఖాలను చూసి నవ్వుతూ నిలబడిపోయాడు.

"మా సాలేహా. గంత మందిల గూడ కళగా ఉన్నది," అన్నాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "జలాల్ భాయ్, నేను తప్పు జేసిన. నువ్వు అప్పుడే కంప్యూటర్ అన్నవు. నేను సర్కారు కాలేజని మురిసిన. ఇప్పుడు నా బిడ్డ నెత్తి మీద టోపీ పెట్టుకొని లారీలెంబడి తిరుగుతాంది. నీ బిడ్డ జూడు, కోటేసుకొని నీడ పట్టున గూసున్నది."

"షైని మంచిగనే ఉంది గద అన్నా," అన్నాడు జలాల్.

"ఏం మంచిగ. చేతులు జూసినవా ఆ పిల్లయి? సరే, గదైపాయె. ఇప్పుడు మా చిన్నోడు సన్నీగానికి ర్యాంకొచ్చింది. సర్కారుల మళ్ళ సివిలే వస్తదంట. వద్దన్న. వాన్ని నీ బిడ్డ చదివిన కాలేజీల, కంప్యూటర్ల ఏస్త. మేనేజ్‌మెంట్ సీటే కానియ్యి. శామీర్‌పేట కాడి జాగ అమ్ముతున్న భాయ్. సోమారం బయానా పైసలు ఇస్తమన్నరు. నువ్వు గా సందీప్ సారుకు నా గురించి ఒక్క మాట జెప్పు. షైనికి గా కోటు ఏపియ్యకపోతిని, వానికన్న ఏపిస్త."

ఆ జాగ సంగతి మా అందరికీ తెలుసు. గోడలకు సున్నం కొట్టి కొట్టి సంపాదించింది అదొక్కటే. మొదటి నుంచీ అందులో ఒక గది వేసుకుంటానని అనేవాడు.

జలాల్ ముఖం చూశాను. వెనకాల రింగులు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది. సాలేహా అక్కడే నిలబడి తండ్రి వీపు వైపు చూస్తోంది. అతను ఏమంటాడో నాకూ తెలియదు. నిజం చెబితే వీధిలోనూ ఊళ్ళోనూ పరువు పోతుంది. మౌనంగా ఉంటే ఏలియా జాగ పోతుంది, సాలేహా ఆ కుర్చీలోనే ఉండిపోతుంది.

జలాల్ అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏలియన్నా, ఇటు జూడు," అన్నాడు.

మౌసుతో కూతురి కోటును పట్టుకుని పక్కకు లాగాడు. అది జారి తెర అంచు దగ్గర పడింది. పై వరుసలో స్కార్ఫు కట్టుకున్న ఒక ముఖం మిగిలింది. దాని కింద తెల్లటి ఖాళీ. ఖాళీ కింద ఏడు లక్షలు.

"గీ కోటు నాది. పిల్లలందరికి నేనే ఏస్త. నా బిడ్డకు గూడ నేనే ఏసిన."

"కంపెనీ ఇచ్చింది కాదా?" అన్నాడు ఏలియా. ఆ మనిషి ఇన్నేళ్ళూ అట్లాగే అనుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

"కంపెనీ కోటియ్యలే అన్నా. నౌకరి గూడ ఇయ్యలే. పిలుస్తమన్నరు, ఏడాదైంది, పిలుస్తలేరు. వర్క్ ఫ్రం హోమని అందరికి నేనే జెప్పిన. నీకు గూడ జెప్పిన." జలాల్ ఏలియా వైపు తిరిగాడు. "నువ్వు జాగ అమ్మకు."

ఏలియా వెనకున్న సాలేహా వైపు తిరిగాడు.

"నిజమేనా బిడ్డా?"

"నిజమే మామా," అంది సాలేహా.

"షైనికి ఎరికేనా?"

"ఎరికే. మీకు జెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న."

ఏలియా కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. జలాల్ భుజం మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో తన నుదురు తుడుచుకున్నాడు. "సల్లటి నీళ్ళుంటె ఇయ్యి బిడ్డా," అన్నాడు. సాలేహా తెచ్చి ఇచ్చింది. ఆయన నీళ్ళు తాగుతూ ఉంటే జలాల్ ఫైలు మూసెయ్యబోయాడు. చేసిన మార్పు ఉంచాలా వద్దా అని కంప్యూటర్ అడిగింది. అతని చెయ్యి మౌసు మీద అట్లాగే నిలిచిపోయింది.

"సేవ్ జెయ్యి అబ్బా," అంది సాలేహా.

జలాల్ సేవ్ నొక్కాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "సోమారం షైని తోటి పో," అన్నాడు. నేను టీ చల్లారిపోయిందని చెప్పి నా దుకాణంలోకి వచ్చేశాను.

ఆదివారం సందీప్ వచ్చాడు. కోటు లేని ముఖంతో ఫ్లెక్సీ వేయించలేనన్నాడు. ఆ ముఖమే వద్దన్నాడు జలాల్. గొడవేమీ కాలేదు. సందీప్ తన ఫైలు తను తీసుకుని కొంపల్లిలో ఇంకో దుకాణానికి వెళ్ళిపోయాడు. ఏడాదిలో వచ్చే పెద్ద ఆర్డరు అట్లా పోయింది. శామీర్‌పేట అన్నలు ఫోన్ చేసి నానా మాటలూ అన్నారని సుమేరా నా భార్యతో చెప్పుకుని బాధపడింది. ఏలియా జాగ ఏలియాకే ఉంది. సన్నీ ఏం చదవాలన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.

సాలేహా చేరిన ఉద్యోగం గొప్పదని నేననను. జీతం షైని జీతం కంటే తక్కువ. ఆఫీసంటే గోదాము పక్కన ఒక రేకుల గది, లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంటుందట. కానీ మొదటి వారంలోనే, స్తంభం లేని ఆ కప్పు బరువు ఏ ఇనుము మీదుగా ఏ గోడలోకి దిగుతుందో షైని గీసి చూపించిందట. ఆ పిల్ల ఆ కాగితాన్ని తెచ్చి తండ్రికి చూపిస్తూ, చాలా రోజుల తర్వాత పెద్ద గొంతుతో మాట్లాడింది. గోడ ఇవతల నాకు ప్రతి మాటా వినిపించింది.

తర్వాత నాలుగు రోజులకు పొద్దున్నే వచ్చి దుకాణం తెరుద్దును కదా, నా బోర్డు మళ్ళీ మాయం. కొత్త ఫ్లెక్సీ. పై వరుసలో సాలేహా ఉంది. కొంపల్లివాడు ఆమెకు తన దగ్గరున్న ఇంకేదో నీలం కోటు తొడిగాడు. కాలరు ఒక పక్కకు ఒరిగింది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తాళ్ళు కోసేద్దామని లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చాను. అప్పటికే జలాల్ వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

అదే సమయానికి షైని స్కూటీ వచ్చింది. వెనక సాలేహా, ఒళ్ళో పసుపు హెల్మెట్టు. ఫ్లెక్సీ కింద స్కూటీ ఆగింది. సాలేహా తలెత్తి తన ముఖం తనే చూసుకుని షైని చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. స్కూటీ మేడ్చల్ దారిలోకి కదిలింది.

జలాల్ అది కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత ఫ్లెక్సీ వైపు తిరిగి అద్దాలు సర్దుకున్నాడు.

"మెడకాడ కటింగ్ మంచిగ లేదన్నా," అన్నాడు. "నేనైతే ఇంక నీటుగ జేద్దును."

అని, నా చేతిలోంచి కత్తెర తీసుకుని, తాళ్ళు కట్టిన పైపు వైపు నడిచాడు.